పుస్తకములో నిండుగా, పళ్లెములో కొరతగా

(రేడియో ప్రసంగ పాఠము)

 ఇండ్లలో కూర్చుండి వింటున్నవారికి, ఆసుపత్రి మంచాలమీద వింటున్నవారికి, ముఖ్యంగా వృద్ధాశ్రమాలలో ఒకే రేడియో చుట్టూ చేరి వింటున్న మా తల్లులకు, తండ్రులకు ప్రత్యేకమైన వందనములు. ఈ దినమున మీ గురించే మాట్లాడుకొందాం.

ధ్యానము కొరకు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము, 1 నుండి 7 వచనములు తెరచి పెట్టుకొనండి. యెరూషలేము సంఘము అప్పుడే పుట్టింది. పెంతెకొస్తు అగ్ని ఇంకా చల్లారలేదు. దినదినము అనేకులు రక్షణ పొందుచున్నారు. అటువంటి సంఘములో సణుగు పుట్టింది. దేని విషయమై? సిద్ధాంతము గురించి కాదు, పదవుల గురించి కాదు. అనుదినము పంచిపెట్టే ఆహారములో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు భాగము సరిగా అందడం లేదు. అందరూ కలిసి ప్రార్థన చేస్తున్నారు, అందరూ ఆస్తులమ్మి తెచ్చి పెడుతున్నారు, అయినా ఒక మూలనున్న ముసలి తల్లి పళ్లెము ఖాళీగా ఉంది.

అపొస్తలులు ఏమి చేశారు? సణిగినవారిని గద్దించలేదు. ప్రార్థన చేసి ఊరుకోలేదు. మంచి పేరుగలవారిని, ఆత్మతోను జ్ఞానముతోను నిండినవారిని ఏడుగురిని ఏర్పరచి, వారిమీద చేతులుంచి ఆ పని అప్పగించారు. వడ్డించే పనికి కూడా ఆత్మ కావాలి, జ్ఞానమూ కావాలి. ఒకటి ఉండి రెండవది లేకపోతే చాలదు.

తరువాత పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయము 9వ వచనములో విధవరాండ్ర లెక్క గురించి చెప్పాడు. ఆ లెక్కలో చేర్చుకొనుటకు అరువది ఏండ్ల వయస్సు ఉండాలన్నాడు. అంటే ఆదిమ సంఘములో ఒక పట్టిక ఉంది. ఎవరిని సంఘము పోషించాలి, ఎవరిని వారి పిల్లలే పోషించాలి అని విచారించి వ్రాసుకొన్నారు. క్రీ.శ. 251 ప్రాంతములో రోమా సంఘాధ్యక్షుడైన కొర్నేలి ఒక ఉత్తరము వ్రాస్తూ, తమ సంఘము 1,500 మందికి పైగా విధవరాండ్రను, ఇబ్బందులలో ఉన్నవారిని పోషిస్తున్నదని చెప్పాడు. చరిత్రకారుడైన యూసేబియస్ ఆ ఉత్తరమును భద్రపరచాడు. హింసల కాలమది. దాగుకొని ఆరాధించే సంఘానికి కూడా తన ముసలివారి సంఖ్య తెలుసు!

ప్రియులారా, ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పుస్తకము ఉంటే చాలునా? లెక్క వ్రాస్తే ముసలివారి కడుపు నిండుతుందా? దీనికి జవాబు చెప్పే ఒక విచారకరమైన చరిత్ర ఉంది. అది ఇంగ్లాండు దేశములో, హాంప్‌షైర్ జిల్లాలోని ఆండోవర్ అనే చిన్న పట్టణములో జరిగింది.

1834లో ఇంగ్లాండు ప్రభుత్వము పేదల విషయమై కొత్త చట్టము చేసింది. కొన్ని గ్రామాలను కలిపి ఒక యూనియన్‌గా చేసి, దానికి ఒక బోర్డును, వర్క్‌హౌస్ అనే ఒక పెద్ద గృహమును ఏర్పాటు చేశారు. పనిలేనివారు, అనాథ పిల్లలు, రోగులు, దిక్కులేని వృద్ధులు చాలామంది అక్కడికి వెళ్లవలసి వచ్చేది. ఊరికే వచ్చి కూర్చోకుండా ఉండాలని ఆ గృహాలను కావాలనే కఠినంగా నడిపారు. భార్యాభర్తలను వేరు చేసేవారు. నలభై ఏండ్లు కలిసి కాపురము చేసిన ముసలి దంపతులు కూడా వేరు వేరు గదులలో పడుకోవలసి వచ్చేది. అరువది ఏండ్లు దాటిన దంపతులను బలవంతంగా వేరు చేయకూడదని 1847లో గాని చట్టము రాలేదు.

ఆ గృహాలలో పుస్తకాలకు కొదువ లేదు. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు అనే రిజిస్టరు ఉంది. బట్టల రిజిస్టరు ఉంది. శిక్షల పుస్తకము ఉంది. సరుకులు ఎంత వచ్చాయి, ఎంత ఖర్చయ్యాయి అనే పుస్తకమూ ఉంది. లండనులోని కమిషనర్లు అచ్చు వేయించిన నమూనాల ప్రకారము వీటన్నిటినీ పూర్తి చేసి బోర్డు ముందు పెట్టాలి. భోజనపట్టిక కూడా ఔన్సులతో సహా ముందే నిర్ణయించారు. 1836లో ఇచ్చిన భోజనపట్టికలలో వృద్ధుల కొరకు ఒక చిన్న వాక్యము చేర్చారు. అరువది ఏండ్లు దాటినవారికి, అవసరమని తోచినయెడల, ఉదయపు గంజికి బదులుగా వారానికి 1 ఔన్సు తేయాకు, 5 ఔన్సుల వెన్న, 7 ఔన్సుల పంచదార ఇవ్వవచ్చునని. మన లెక్కలో సుమారు 28 గ్రాముల తేయాకు, 140 గ్రాముల వెన్న, 200 గ్రాముల పంచదార. జీవితమంతా పొలములో చాకిరీ చేసిన ముసలివానికి వారానికి దొరికే ఆదరణ అదే. అది కూడా ఎవరికో అవసరమని తోచినప్పుడే.

ఆ సరుకుల పుస్తకము ఎట్లా పని చేస్తుందో కొంచెము ఆలోచించండి. ఈ దినము గృహములో ఎంతమంది ఉన్నారు? ఒక్కొక్కరికి ఎన్ని ఔన్సుల రొట్టె? ఈ రెండు అంకెలను గుణిస్తే ఎంత రొట్టె ఖర్చు కావాలో వస్తుంది. ఆ అంకెను ఖర్చు అయినట్టు వ్రాస్తారు. అంటే ఆ పుస్తకము చెప్పేది ముసలివారు ఎంత తినవలసియున్నదో అంతే గాని, నిజంగా ఎంత తిన్నారో కాదు. కొట్టుగదికి, పళ్లేనికి మధ్యలో ఎవరి చెయ్యి పడిందో ఆ పుస్తకములో కనబడదు.

ఆండోవర్‌లో ఆ చెయ్యి పడింది. అక్కడ మాస్టరుగా, అంటే వార్డెనుగా, కాలిన్ మెక్‌డూగల్ అనే మాజీ సైనికుడు, మేట్రనుగా అతని భార్య ఉండేవారు. ఆ గృహములోనివారికి ఇచ్చిన పని జంతువుల ఎముకలను నలగగొట్టుట. ఆ పొడిని పొలాలకు ఎరువుగా అమ్మేవారు. నియమించిన భోజనమే ప్రాణము నిలుపుకొనుటకు చాలీచాలనిది. అది కూడా పూర్తిగా అందలేదు. ఆకలికి తట్టుకోలేక ఆ మనుష్యులు నలగగొట్టవలసిన ఎముకలలోని మూలుగను, వాటికి అంటియున్న కుళ్లిన మాంసమును తినేవారు. కొత్త ఎముకలు వస్తే వాటికోసము పోట్లాడుకొనేవారు.

ఆ బోర్డు అధ్యక్షుడు ఎవరు? చెప్పుటకు సిగ్గుగా ఉన్నది, ఒక సంఘ గురువు. పుస్తకాలు బోర్డు ముందుకు వస్తూనే ఉన్నాయి. ఆ సభ్యులలో హ్యూ మండీ అనే రైతు ఈ ఎముకల సంగతి విని సభలో లేవనెత్తాడు. తోటి సభ్యులు పెద్దగా పట్టించుకోలేదు. వేడిగా ఉన్న దినాలలో మాత్రము ఎముకల పని ఆపుదామని అనుకొన్నారట! అప్పుడు మండీ పార్లమెంటు సభ్యుడైన థామస్ వాక్లీ దగ్గరకు వెళ్లాడు. 1845 ఆగస్టులో వాక్లీ ఆ సంగతిని పార్లమెంటులో అడిగాడు. విచారణ జరిగింది. మాస్టరు సరుకులు కాజేశాడనే సాక్ష్యాలు బయటికి వచ్చాయి. అతడు రాజీనామా చేశాడు. ఎముకలు నలగగొట్టించే పనిని నిషేధించారు. 1846లో పార్లమెంటు సంఘము విచారించి లండను కమిషనర్లను తీవ్రంగా తప్పుబట్టింది. 1847లో ఆ కమిషనునే తీసివేసి వేరొక బోర్డును పెట్టారు.

ప్రియ శ్రోతలారా, ఇంత జరుగుటకు కారణమైనవాడు ఎవరు? పుస్తకాన్ని చదివిన నూరుమంది కాదు. పుస్తకాన్ని ప్రక్కన పెట్టి పళ్లెములోనికి చూచిన ఒక్కడు.

ఇక మందుల విషయము. 1856లో జోసెఫ్ రోజర్స్ అనే వైద్యుడు లండనులోని స్ట్రాండ్ యూనియన్ వర్క్‌హౌస్‌లో చేరాడు. జీతము సంవత్సరానికి 50 పౌండ్లు. ఆ 50 పౌండ్లలోనుండే రోగులందరికీ కావలసిన మందులు కూడా అతడే కొని పెట్టాలి! ఈ ఏర్పాటులోని దుర్మార్గము చూడండి. ఎక్కువ మందు ఇచ్చిన వైద్యుడు తన పిల్లల అన్నములోనుండి ఇస్తున్నాడు. తక్కువ ఇచ్చిన వైద్యుడికి మిగులుతుంది. ఇట్లాంటి ఏర్పాటు చేసి, తరువాత వైద్యులలో కనికరము లేదంటే ఏమి న్యాయము? అక్కడ రోగులను చూచుకొనేవారు కూడా శిక్షణ పొందిన నర్సులు కారు. ఆ గృహములోనే ఉన్న ముసలి స్త్రీలు. చదువు రానివారు సీసామీది చీటీ ఎట్లా చదువుతారు?

రోజర్స్ ఊరుకోలేదు. ఫిర్యాదులు వ్రాశాడు, తనవంటి వైద్యులను కూడగట్టాడు. 1865లో ది లాన్సెట్ అనే వైద్యపత్రిక లండను వర్క్‌హౌస్‌లలోని రోగుల వార్డులను పరిశీలించి వాటి స్థితిని బయటపెట్టింది. 1867లో లండను నగరమునకు కొత్త చట్టము వచ్చింది. పేదలకిచ్చే మందుల ఖర్చును ఉమ్మడి నిధినుండి భరించే ఏర్పాటు చేశారు. ఇంత మేలు చేసిన రోజర్స్ మాత్రము మరుసటి సంవత్సరమే, 1868లో, స్ట్రాండ్‌లోని ఆ ఉద్యోగమును పోగొట్టుకొన్నాడు. నిజము చెప్పినవానికి లోకమిచ్చే జీతము తరచుగా ఇదే.

అదే స్ట్రాండ్ వర్క్‌హౌస్‌కు 1853లో లూయిజా ట్వైనింగ్ అనే సహోదరి వెళ్లింది. ఎందుకు వెళ్లింది? తనకు తెలిసిన ఒక ముసలి స్త్రీ అక్కడ ఉన్నదని చూడటానికి వెళ్లింది, అంతే. ఆ ఒక్క సందర్శనము ఆమె జీవితాన్నే మార్చింది. 1858లో వర్క్‌హౌస్‌లను సందర్శించే సంఘమును ఆరంభించింది. బయటి కన్ను లోపల పడినప్పుడు చాలా సంగతులు సరిదిద్దబడ్డాయి. 1865లో ఆగ్నెస్ జోన్స్ అనే విశ్వాసురాలు శిక్షణ పొందిన 12 మంది నర్సులతో లివర్‌పూల్ వర్క్‌హౌస్ ఆసుపత్రికి వెళ్లింది. మూడేండ్లు సేవచేసి, 1868లో అక్కడే టైఫస్ జ్వరముతో 35 ఏండ్ల వయస్సులో ప్రభువునందు నిద్రించింది.

ఇప్పుడు కొందరు అంటారు: అయ్యగారూ, అది లోకపు వ్యవస్థ. మేము విశ్వాసముతో సేవ చేసేవారము. ప్రభువే పోషిస్తాడు. మాకు ఈ రిజిస్టర్లు ఎందుకు?

ప్రియులారా, జార్జి ముల్లర్ కంటె విశ్వాసముతో ఆశ్రమము నడిపినవాడు మనలో ఎవరున్నారు? మన గోదావరి ప్రాంతానికి ఈయన పరాయివాడు కాడు. 1836లో మన దేశానికి వచ్చి తరువాత నరసాపురము ప్రాంతములో సువార్త ప్రకటించిన బౌడెన్, బీర్ కుటుంబాలను తనతో తెచ్చిన ఆంథోని నోరిస్ గ్రోవ్స్ ఈ ముల్లర్‌కు స్వయానా బావమరిది. ముల్లర్ అదే 1836లో బ్రిస్టల్ పట్టణములో అనాథ శరణాలయము తెరచాడు. మాకు ఇది కావాలి అని ఏ మనుష్యుని చెయ్యి చాపి అడగలేదు. మోకాళ్లమీదనే అడిగాడు. 1898లో చనిపోయేనాటికి 10,000 మందికి పైగా పిల్లలు ఆ ఆశ్రమాల నీడలో పెరిగారు. అయితే ఆయన వ్రాసియుంచిన లెక్కలు చూడండి! చిన్న కానుకకు కూడా రసీదు ఇచ్చాడు. డబ్బే కాదు, వస్తువులు వచ్చినా వ్రాశాడు. సంవత్సరము సంవత్సరము నివేదిక అచ్చు వేయించాడు. ఇచ్చినవాడు తన కానుక చేరిందో లేదో ఆ నివేదికలో తానే చూచుకొనవచ్చును. మనుష్యులను అడగనివాడు మనుష్యులకు లెక్క చెప్పాడు. మనమైతే మనుష్యులను అడుగుతాము గాని లెక్క చెప్పము!

ఇవన్నీ పాత సంగతులు అని తీసివేయకండి. 2009లో ఇంగ్లాండులో ఒక పరిశోధన ప్రచురించారు. 55 వృద్ధుల గృహాలలో 256 మంది మందులను పరిశీలించారు. ఒక్కొక్కరు సగటున 8 రకాల మందులు వాడుతున్నారు. వారిలో 178 మందికి, అంటే పదిమందిలో ఏడుగురికి, ఏదో ఒక పొరపాటు జరిగింది. మందు వ్రాయడములో కొన్ని, తెప్పించడములో కొన్ని, ఇవ్వడములో కొన్ని. కారణాలు ఏమని చెప్పారు? పనివారిమీద భారము ఎక్కువ, శిక్షణ తక్కువ. మందులు తెప్పించే పద్ధతి సరిగా లేదు. మందుల రికార్డు సరిగా లేదు. వ్రాసి చెప్పవలసినవి నోటిమాటతో చెప్పుకొన్నారు. మాస్టరు మెక్‌డూగల్ వంటి దొంగ ఎవడూ అక్కడ లేడు. మంచివారే, అలసిపోయినవారే. అయినా పొరపాటు జరిగింది.

మన దేశములో 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వచ్చింది. ప్రతి జిల్లాలో కనీసము 150 మంది దిక్కులేని వృద్ధులకు సరిపడే ఆశ్రమమును ప్రభుత్వము స్థాపించవచ్చునని అందులో ఉంది. మన సంఘాలు కూడా అక్కడక్కడ వృద్ధాశ్రమాలు నడుపుతున్నాయి. దేవునికి స్తోత్రము. నడుపుతున్నవారిని నిందించుటకు నేను ఈ మాటలు చెప్పడం లేదు. వారి కష్టము నాకు తెలుసు. అయితే మన ఆశ్రమాలలో కొరత ఎట్లా వస్తుందో ఆలోచిద్దాం.

డిసెంబరు వస్తుంది. క్రిస్మసు కానుకలు, దుప్పట్లు, కేకులు, అరటిపండ్లు గుట్టలుగా వస్తాయి. ఒకే దినము మూడు సంఘాలవారు బిర్యానీ తెస్తారు. జూన్ వస్తుంది. పిల్లల ఫీజులు, పుస్తకాలు, అందరి చేతులు ఖాళీ. అప్పుడు ఆశ్రమము గుమ్మము ఎవరూ తొక్కరు. బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు జూన్‌లో కూడా కావాలి కదా? మంచాన పడిన తల్లికి రోజూ మార్చే గుడ్డలు, పక్కమీద వేసే రబ్బరు షీటు, డెట్టాలు కావాలి కదా? వాటితో ఎవరూ ఫోటో దిగరు గనుక వాటిని ఎవరూ తేరు. స్టాకు రిజిస్టరు ఉంటే, ఏ వస్తువు ఏ నెలలో తగ్గుతుందో సంఘమునకు ముందే చెప్పవచ్చును. లేకపోతే మాత్రల అట్ట పూర్తిగా అయిపోయిన శనివారము సాయంకాలమున గాని ఎవరికీ గుర్తు రాదు. ఆదివారము ఆ తల్లి మాత్ర లేకుండానే ఆరాధనలో కూర్చుంటుంది.

మరొకటి. ఒక పెద్దాయన ఆశ్రమానికి వచ్చిన దినమున ఆయన పేరు వ్రాస్తాము. ఏ మందు ఆయనకు పడదో వ్రాశామా? రాత్రివేళ ప్రాణము మీదికి వస్తే ఏ బంధువుకు ఫోను చేయాలో వ్రాశామా? ఆ తల్లి చెవుల కమ్మలు, పింఛను పుస్తకము ఎవరి దగ్గర ఉన్నాయో ఇద్దరు సాక్షుల ముందు వ్రాశామా? వ్రాయకపోతే రేపు దొంగతనము జరగకపోయినా నింద వస్తుంది. నిర్దోషియైన పనివాడు తలవంచుకొంటాడు. లెక్క ముసలివారినే కాదు, సేవ చేసేవారిని కూడా కాపాడుతుంది.

ఈ విషయములో ఎజ్రా గ్రంథము 8వ అధ్యాయము 24 నుండి 34 వరకు ఇంటికి వెళ్లి చదవండి. ఎజ్రా పన్నెండుమంది యాజకులను ఏర్పరచి, మందిరము కొరకైన వెండి బంగారములను వారికి తూచి అప్పగించాడు. మీరు ప్రతిష్ఠితులు గదా, మీకు తూకమెందుకు అనలేదు. నెలల ప్రయాణము చేసి యెరూషలేము చేరిన తరువాత నాల్గవ దినమున మరల తూచారు. సంఖ్యను, బరువును వ్రాసికొన్నారు. దారిలో దొంగల భయము ఉన్నప్పుడు కాపలాకు రాజు సైన్యమును అడగక ఉపవాసముండి ప్రార్థించిన ఎజ్రాయే ఈ తూకము వేయించాడు. ప్రార్థించిన చెయ్యే త్రాసు పట్టుకొంది.

కాబట్టి సంఘ పెద్దలారా, మీ సంఘము పోషించే ఆశ్రమమునకు ఈ నెలలోనే వెళ్లండి. ముందుగా కబురు పెట్టకుండా, భోజనవేళకు వెళ్లండి. ఆఫీసులో కూర్చుండి కాఫీ త్రాగి రాకండి. స్టాకు పుస్తకములో ఒక వస్తువు తీసి, కొట్టుగదిలోకి వెళ్లి దానిని లెక్కపెట్టండి. తరువాత ఒక ముసలి తల్లి మంచము ప్రక్కన కూర్చుండి, అమ్మా, నిన్న రాత్రి ఏమి తిన్నావు, మాత్ర వేసుకొన్నావా అని అడగండి. పుస్తకములోని మాట, కొట్టుగదిలోని వస్తువు, ఆ తల్లి నోటి మాట ఈ మూడూ ఒకటిగా ఉంటే దేవునికి స్తోత్రము చెల్లించండి. లేకపోతే ఎక్కడ తప్పిందో వెదకండి. ఆ పనివాడిని ఉద్యోగములోనుండి తీసివేయడానికి తొందరపడకండి. అతనికి జీతము సరిగా ఇచ్చామా, నలభైమందికి ఒక్కడినే పెట్టామా అని మనలను మనము మొదట ప్రశ్నించుకొందాం.

యౌవనస్థులారా, మీలో కంప్యూటరు వచ్చినవారు, మెడికల్ షాపులో పనిచేసేవారు, నర్సింగు చదివినవారు ఉన్నారు. పాటలు పాడి రావడమే పరిచర్య కాదు. నెలకు ఒక శనివారము వెళ్లి మందుల పట్టిక తిరగవ్రాసి పెట్టండి. గడువు తీరిన మాత్రలు ఏరివేయండి. స్తెఫను అద్భుతాలు చేయకముందు అతనికి అప్పగించిన పని ఇటువంటిదే.

కార్యములు 6వ అధ్యాయములో 7వ వచనము మరచిపోకండి. విధవరాండ్ర ఆహారము సరిచేసిన వెంటనే దేవుని వాక్యము ప్రబలమైనదని, శిష్యుల సంఖ్య బహుగా విస్తరించినదని లూకా వ్రాశాడు. వడ్డన సరియైనది, వాక్యము వ్యాపించింది. మన సువార్తకు అడ్డము ఎక్కడ ఉందో, ఏ ముసలి తల్లి పళ్లెములో ఉందో, ప్రభువు మనకు చూపించును గాక.

ప్రార్థన చేసుకొందాం. పరలోకమందున్న మా తండ్రీ, మా తల వెండ్రుకలను సహా లెక్కించిన దేవా, మా వృద్ధులను మేము లెక్కపెట్టక విడిచిన దినముల కొరకు మమ్మును క్షమించుము. ఆశ్రమాలలో రాత్రింబగళ్లు పనిచేసే నీ సేవకులకు బలమును, నమ్మకత్వమును దయచేయుము. ఈ మాటలు వింటున్న ప్రతి వృద్ధ తల్లికి, తండ్రికి ఈ రాత్రి వేళకు అన్నము, వేళకు మందు, ప్రక్కన ఒక మనిషి ఉండునట్లు కృప చూపుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.